రిపోర్టులన్నీ నార్మల్, మనిషికే బాగాలేదు

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు నడుస్తుంటే డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. పొద్దున ఏడింటికే పరగడుపున వచ్చినవాళ్లు మోచేతి మడతలో దూది అదిమిపట్టుకుని బెంచీల మీద కూర్చుని ఉంటారు. సాయంత్రానికల్లా రిపోర్టులు చేతికొస్తాయి. ఆ కవరు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లిన చాలామందికి వినపడే మాట ఒకటే: "అన్నీ నార్మల్‌గానే ఉన్నాయండీ. మీకేం లేదు. టెన్షన్ తగ్గించుకోండి, అంతే."

ఆ మాటతో మనిషి కుదుటపడాలి. పడడు. ఛాతీలో బరువు అలాగే ఉంది, తిన్నది అరగడం లేదు, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. ఇంటికెళ్లి "ఏమీ లేదంట" అని చెబితే, "మరి ఇన్నాళ్లూ ఈ గోలంతా ఏంటి?" అన్నట్టు చూస్తారు. రెండు నెలలు తిరిగేసరికి ఇంకో డాక్టరు, ఇంకో స్కాను, ఇంకో అప్పు.

"మీకేం లేదు" అన్నది శాస్త్రం చెప్పే మాట కాదని ఈ అధ్యాయంలో గట్టిగా చెప్పదలచుకున్నాను. బాధ ఉన్నచోట కారణం ఉంటుంది. అది ఒక్కోసారి మనసులో మొదలై ఒంట్లో బయటపడుతుంది. ఒక్కోసారి ఒంట్లో మొదలై మనసులో బయటపడుతుంది. ఈ రెండో దారి గురించి మన ఇళ్లలోనూ, ఆసుపత్రుల్లోనూ మాట్లాడేవాళ్లు తక్కువ. రెండు దారులనూ చూడటానికి దూరం పోనక్కర్లేదు. బేగంపేటలో మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగినంత మేర చాలు. మధ్యలో ఒక్కసారి తార్నాకకు వెళ్లొద్దాం.

అమీర్‌పేటలో ఒక కడుపునొప్పి

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లాలో బీటెక్ పూర్తిచేసి, మైత్రీవనం దగ్గర కోర్సు చేయడానికి వచ్చాడు. ఎస్సార్ నగర్‌లో ఫోర్ షేరింగ్ గది. పొద్దున ఆరున్నరకే బ్యాచ్, బయట బండి మీద రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ల్యాబ్, రాత్రి పొద్దుపోయేదాకా అప్లికేషన్లు. కోర్సు రెండు నెలలన్నారు, ఏడాది కావస్తోంది. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేస్తుంది. "ఏం నాన్నా, ఏమన్నా తెలిసిందా?" అంటుంది. అందులో నిష్ఠూరమేమీ లేదు, ప్రేమే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక వాడికి కడుపులో మంట మొదలవుతుంది. గుండె దడదడలాడుతుంది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. మందుల షాపులో గ్యాస్ గోళీ తెచ్చుకుంటాడు. అది రెండు రోజులు పనిచేసి మూడో రోజు మానేస్తుంది.

ఆ ఫోన్ కాల్‌కీ ఈ కడుపుకీ మధ్య ఏం జరిగిందో దశలవారీగా చెప్పవచ్చు. ప్రమాదం వచ్చిందని మెదడు అనుకోగానే, అది పులి అయినా సరే, జవాబు చెప్పలేని ప్రశ్న అయినా సరే, వెన్నుపాము మీదుగా నాడీ సంకేతాలు దిగుతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. పరుగుకో పోట్లాటకో కండరాలకు రక్తం కావాలి కాబట్టి పేగులకు వెళ్లే రక్తం తగ్గుతుంది, అరుగుదల మందగిస్తుంది. ఇంకొన్ని నిమిషాలకు రెండో దశ. మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది, అది అధివృక్క గ్రంథులకు ఇంకో కబురు పంపుతుంది, కార్టిసోల్ అనే హార్మోను వస్తుంది. కాలేయం నుంచి చక్కెరను రక్తంలోకి తెప్పించే పనుల్లో ఇదొక ముఖ్యమైన హార్మోను.

మరి వేళ్ల తిమ్మిరి? భయంలో మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. రక్తంలో క్షారగుణం కాస్త పెరుగుతుంది, నాడులకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గుతుంది, నాడులు చిటపటలాడతాయి. మెదడు రక్తనాళాలు కొంత ముడుచుకుని తల తిరుగుతుంది. ఈసీజీ తీస్తే గుండె బాగానే ఉంటుంది. కానీ తిమ్మిరి వాడి ఊహ కాదు, తల తిరగడం నాటకం కాదు. ఆ క్షణంలో రక్తం రసాయనం మారిన మాట నిజం. సాయంత్రం ఇచ్చే రిపోర్టులో అది పడదు, అంతే.

కడుపుకీ మనసుకీ ఉన్న ఈ సంబంధాన్ని ఎక్స్‌రేలో కళ్లారా చూసినవాడు అమెరికాలోని హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి. ఎక్స్‌రే కిరణాలు కనిపెట్టిన ఏడాది రెండేళ్లకే, 1890ల చివర్లో, పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి వాటి పొట్ట కదలికలను ఎక్స్‌రేలో చూసేవాడు. పిల్లి కుదురుగా ఉన్నంతసేపూ పొట్ట అలలు అలలుగా కదిలేది. పిల్లి బెదిరినా, కోపం వచ్చినా ఆ అలలు టక్కున ఆగిపోయేవి. మళ్లీ స్థిమితపడ్డాకే కదిలేవి. పరిశోధనకు అడ్డమొచ్చిన విసుగుగా దాన్ని వదిలేయకుండా ఆయన దాని వెంటే నడిచాడు. 'పోరాడు లేదా పారిపో' అన్న సిద్ధాంతం అక్కణ్నుంచే పుట్టింది. ఆ తర్వాత 1936లో హాన్స్ సెల్యె అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఒత్తిడి రోజుల తరబడి సాగితే శరీరం మొదట ఉలిక్కిపడి, తర్వాత ఎదిరించి సర్దుకుని, చివరికి అలిసిపోతుందని చూపించాడు.

పేగుల గోడల్లోనే పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడునూ పేగులనూ కలిపే వేగస్ నాడిలో సుమారు నూటికి ఎనభై తంతువులు కింది నుంచి పైకి వార్త మోసుకెళ్లేవే. అంటే కడుపు మెదడు మాట వినడం కన్నా మెదడుకు చెప్పడమే ఎక్కువ. మన కుర్రాడి మంట ఫోన్‌తో మొదలైనా, ఆ మంట మళ్లీ మెదడుకు వెళ్లి "ఏదో తేడాగా ఉంది" అని చెబుతుంది. భయం పెరుగుతుంది, మంట ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని గోళీ ఒక్కటే ఆపలేదు, ధైర్యవచనం ఒక్కటే ఆపలేదు.

వాడి వయసుకు ఇది కడుపుమంట. ఇలాగే ఇరవై, ముప్పై ఏళ్లు సాగితే ఏమవుతుందో 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం చెప్పింది. మన దేశంతో సహా 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూశారు. సిగరెట్, రక్తపోటు, షుగరు, కొలెస్ట్రాల్ లాంటి తొమ్మిది ముఖ్య కారణాల్లో మానసిక, సామాజిక ఒత్తిడి కూడా ఒకటిగా తేలింది. మొదటి గుండెపోటు దక్షిణాసియా వాళ్లకు సగటున 53 ఏళ్లకు వస్తే, మిగతా ప్రాంతాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు వస్తోందని అదే సమాచారం తేల్చింది. ఆ ఆరేళ్ల తేడాకు ఒత్తిడి ఒక్కటే కారణమని ఎవరూ అనలేదు. కానీ లెక్కలోంచి దాన్ని తీసేయడానికి ఇక వీల్లేదు.

అంతా మనసేనా?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మనసు గురించి కొత్తగా తెలిసినవాళ్లు ప్రతి జబ్బునూ మనసు మీదికి తోసేస్తారు. వైద్యులు కూడా తోశారు. కడుపులో పుండ్లు దిగులువల్లా, ఒత్తిడివల్లా వస్తాయని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాశారు, రోగులకు ప్రశాంతంగా ఉండమని చెప్పి పంపారు. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ పుండ్లున్న కడుపుల్లో ఒక వంకీ బాక్టీరియాను పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ బాక్టీరియాను తనే తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటిదాకా "నీ స్వభావమే నీ జబ్బు" అనిపించుకున్న లక్షలమందికి కావలసింది రెండు వారాల యాంటీబయాటిక్ అని తేలింది.

అందుకే "టెన్షనే" అని తేల్చేముందు చూడవలసినవి చూడాలి. థైరాయిడ్ మందగిస్తే మనిషి దిగులుగా, మందకొడిగా మారతాడు. ఎక్కువైతే గాభరా, దడ, చెమటలు వస్తాయి. బీ12 విటమిన్ తగ్గితే కాళ్లలో తిమ్మిర్లతోపాటు మతిమరుపు, నిరాశ కూడా వస్తాయి. మాంసం, గుడ్లు, పాలు ఏవీ సరిగా తీసుకోనివాళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. రక్తహీనత ఉన్న ఇల్లాలిని "ఎప్పుడు చూసినా మొహం వేలాడేసుకుని ఉంటుంది" అనడం మనకు అలవాటు. ఆమె హిమోగ్లోబిన్ ఎంతో ముందు అడగండి.

తార్నాకలో జొన్న రొట్టె కథ

ఒంట్లోంచి మనసులోకి వెళ్లే దారికి మన నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దాన్ని తెలుగువాళ్లు తగినంతగా గుర్తుపెట్టుకోలేదని నా బాధ.

పెల్లాగ్రా అనే జబ్బులో మొదట చర్మం చెడుతుంది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి, పెచ్చులు కడుతుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ వస్తుంది. తర్వాత విరేచనాలు. ఆ తర్వాత మనసు: నిద్ర పట్టదు, చిరాకు, దిగులు, మరపు, చివరికి తనెవరో ఎక్కడున్నాడో తెలియని అయోమయం. వైద్యం లేకపోతే చావు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండిపోయాయి. అంటురోగమని చాలామంది భయపడ్డారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు 1914లో వెళ్లి ఒక చిన్న సంగతి గమనించాడు. ఆసుపత్రిలో రోగులకు వస్తోంది, వాళ్లతో రాత్రింబవళ్లు గడిపే నర్సులకూ అటెండర్లకూ రావడం లేదు. అంటురోగమైతే మనిషిని చూసి వదిలేయదుగా! తేడా ఎక్కడుందంటే పళ్లెంలో. సిబ్బంది పాలు, మాంసం తింటున్నారు, రోగులకు మొక్కజొన్న పిండే గతి. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ శరీరానికి దక్కని రూపంలో ఉంటుందనీ, ఆ లోటే జబ్బుకు మూలమనీ తర్వాత తేలింది. ఎల్వెహ్జెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ విటమిన్‌ను 1937లో గుర్తించాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. కూనూర్‌లో ఉన్న పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్ఐఎన్ అంటున్నది, అదే. అక్కడి శాస్త్రజ్ఞులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఇక్కడి రోగుల్లో పెల్లాగ్రా చూసి ఆశ్చర్యపోయారు. ఎందుకంటే వీళ్లు మొక్కజొన్న తినేవాళ్లు కాదు, జొన్న తినేవాళ్లు. పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న రొట్టె, పక్కన కాస్త పచ్చిమిరపకాయ కారం. పాలు, పప్పు, మాంసం కలిసొచ్చే రోజులు తక్కువ. దక్కన్ పీఠభూమిలో పేద రైతుకూలీల తిండి అది.

జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి మన శరీరం కొంత నియాసిన్‌ను సొంతంగా తయారుచేసుకుంటుంది. ఎక్కువైన లూసిన్ ఆ తయారీకి అడ్డుపడుతోందని 1960లో వాళ్లిద్దరూ 'లాన్సెట్' పత్రికలో ప్రతిపాదించారు. ఈ వివరణ మీద తర్వాత ప్రపంచవ్యాప్తంగా చర్చ జరిగింది, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కానీ హైదరాబాదులోని సాధారణ ఆసుపత్రులతోపాటు మానసిక ఆసుపత్రిలోనూ పెల్లాగ్రా రోగులు చేరడం మాత్రం వాదనలకు అతీతమైన వాస్తవం.

ఆ రోగిని ఒక్కసారి దగ్గరగా చూడండి. నిద్ర లేదు, అన్నం తినడు, తనలో తాను గొణుక్కుంటాడు, పిల్లల్ని గుర్తుపట్టడు. ఊళ్లో గాలి సోకిందంటారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. మనసుకు సంబంధించిన జబ్బని ఎవరైనా అంటే అదే గొప్ప. అతనికి నికోటినమైడ్ మాత్రలు, కడుపునిండా మంచి తిండి ఇస్తే కొద్దిరోజుల్లోనే అయోమయం తగ్గుతుంది. చర్మం కన్నా ముందు మనసే తేరుకుంటుంది. పిల్లల పేర్లు చెబుతాడు. ఇంత తేలికగా తిరిగివచ్చే మనిషిని కారణం తెలియక పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉండి ఉంటాయన్న ఆలోచన నన్ను వదలదు.

జొన్న ఒక్కదాని మీదే బతికే రోజులు పోయాక, తిండిలో బియ్యం, పప్పు, పాలు, గుడ్లు చేరాక ఇక్కడ ఆ జబ్బు వెనక్కి తగ్గింది. ఇప్పుడు బేగంపేట కర్రీపాయింట్లలో షుగరున్నవాళ్లు జొన్నరొట్టె కోసం వరసలో నిలబడుతున్నారు. నిరభ్యంతరంగా తినవచ్చు. పప్పు, కూర, పెరుగు పక్కన ఉన్నప్పుడు జొన్న మంచి తిండే. జబ్బు తెచ్చింది జొన్న కాదు, జొన్న తప్ప ఇంకేమీ దొరకని పేదరికం.

బేగంపేట దోమ, వియన్నా పిచ్చాసుపత్రి

బేగంపేట పాత విమానాశ్రయం పక్కనున్న ఒక పాత భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని నాలుగు రోజుల ముందు కుట్టిన దోమ అది. దాని పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుతూ కనిపించింది. ఈ కథ మన పిల్లల పాఠాల్లో ఉంది, రాస్‌కు 1902లో నోబెల్ వచ్చిందనీ ఉంది. దీనికి మనసుతో ముడిపడిన రెండో భాగం మాత్రం పాఠాల్లో ఉండదు.

ఆ రోజుల్లో యూరప్ పిచ్చాసుపత్రుల్లో చాలా పడకలు ఒకే రకం రోగులవి. తాను చక్రవర్తినని గొప్పలు చెప్పుకుంటూ మొదలై, మతి చెడి, కాళ్లూచేతులూ పడిపోయి, కొద్ది సంవత్సరాల్లో చనిపోయేవారు. అది సిఫిలిస్ అనే సుఖవ్యాధి మెదడుకు పాకడంవల్ల వస్తుందని, 1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు ఆ క్రిమిని రోగుల మెదళ్లలోనే చూపించాక రుజువైంది. 1917లో వియన్నాలో యూలియస్ వాగ్నర్-యౌరెగ్ అనే మానసిక వైద్యుడు ఒక సాహసం చేశాడు. మలేరియా ఉన్న సైనికుడి రక్తాన్ని ఈ రోగులకు ఎక్కించాడు. చలిజ్వరం ఒకదాని వెంట ఒకటి వచ్చింది. ఆ తాపానికి సిఫిలిస్ క్రిమి తట్టుకోలేదు. కొన్ని విడతల జ్వరం తర్వాత క్వినైన్ ఇచ్చి మలేరియాను దించాడు. కొంతమంది కోలుకుని మళ్లీ పనుల్లోకి వెళ్లారు, కొంతమంది ఆ వైద్యంతోనే చనిపోయారు. 1927లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఆ పద్ధతి అవసరం పోయింది. రోగి సమ్మతి అన్న మాటకు నాటి ఆసుపత్రుల్లో విలువ ఎంత తక్కువో కూడా ఈ కథ చెబుతుంది, ఆ సంగతి దాటేయకూడదు.

ఒక జ్వరం మనసును బాగుచేసిన కథ అది. కానీ మనందరికీ అనుభవమైనది దానికి ఎదురు దిశ. డెంగీ వచ్చి తగ్గినా నెల రోజులు ఏ పని మీదా మనసు నిలవదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తుంది. క్రిమితో పోరాడేటప్పుడు రోగనిరోధక కణాలు సైటోకైన్‌లు అనే రసాయనాలను వదులుతాయి. అవి మెదడుకు చేరి "కదలకు, పడుకో, తిండి వద్దు, నలుగురిలోకి పోవద్దు" అని చెబుతాయి. జ్వరంలో అది ఉపకారమే. ఇంటర్‌ఫెరాన్ అనే మందును హెపటైటిస్-సి రోగులకు ఇంజెక్షన్లుగా ఇచ్చిన కాలంలో వాళ్లలో చాలామందికి మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే డిప్రెషన్ వచ్చేది. రోగనిరోధక వ్యవస్థ మనసును ఎంతగా మార్చగలదో దీన్ని మించిన రుజువు అక్కర్లేదు.

ఎర్రగడ్డలో ఇరుగుపొరుగు

ఎర్రగడ్డలో మానసిక ఆసుపత్రి ఉంది, ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. జాల్నా నుంచి మానసిక ఆసుపత్రి ఇక్కడికి 1953లో వచ్చింది. ఛాతీకీ మనసుకీ ఉన్న ఇరుగుపొరుగు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే బయటపడింది. 1952 ప్రాంతంలో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని క్షయ ఆసుపత్రిలో ఐప్రోనియాజిడ్ అనే కొత్త టీబీ మందును పరీక్షిస్తున్నారు. చావు కోసం ఎదురుచూస్తున్న రోగులు మంచాల మీద నుంచి లేచి నవ్వడం, ఆడటం, ఇంకాస్త తిండి పెట్టమనడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల్లో మార్పు రాకముందే మనసులో మార్పు వచ్చింది. డిప్రెషన్‌కు వాడిన మొట్టమొదటి మందుల్లో అది ఒకటైంది. తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తోందని ఆపేశారు కానీ, దిగులుకు రసాయన మూలాలుంటాయన్న ఆలోచన దానితో స్థిరపడింది. మన సర్పగంధి వేరుదీ అలాంటి కథే. ఒకే వేరు పిచ్చికీ, రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు.

ఇప్పుడు బాధ కలిగించే సంగతి చెప్పాలి. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆత్మహత్యలు అందులో కొంతభాగమే. ఎక్కువమందిని తీసుకుపోతున్నది గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులు. వాడే మందుల్లో కొన్ని బరువునూ షుగరునూ పెంచుతాయి. దానికితోడు, మానసిక రోగి ఛాతీ నొప్పి అంటే "వాడి మాటకేంలే" అని ఈసీజీ కూడా తీయని నిర్లక్ష్యం. అమీర్‌పేట డయాగ్నస్టిక్ సెంటర్లకు వచ్చినవాళ్లకు ఒళ్లంతా పరీక్షించి మనసును అడగలేదు. ఎర్రగడ్డ రోగికి మనసును మాత్రమే అడిగి ఒళ్లు చూడలేదు. రెండూ అన్యాయాలే. రెండోది ప్రాణం తీస్తుంది.

మంచం పక్కన కూర్చున్నవాళ్లు

పంజాగుట్ట నిమ్స్‌లో రోగి ఒక్కడే ఉండడు. అతని వెంట ఊరి నుంచి వచ్చిన భార్యో, అన్నో, కూతురో ఉంటారు. వరండాలో చాపేసుకుని పడుకుంటారు, మందుల చీటీ పట్టుకుని తిరుగుతారు, బిల్లు గురించి ఫోన్‌లో బతిమాలుకుంటారు. వాళ్ల ఒంటికి ఏమవుతోందో ఎవరూ కొలవరు.

అమెరికాలో ఒకరు కొలిచారు. జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో, మతిమరుపు జబ్బున్న బంధువుల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న 13 మంది స్త్రీలనూ, అదే వయసున్న, అలాంటి బరువు లేని మరో 13 మందినీ తీసుకుంది. అందరి ముంజేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, ఎన్ని రోజులకు మానుతుందో చూసింది. రెండో జట్టుకు సగటున 39 రోజులు పట్టింది. సేవ చేస్తున్నవాళ్లకు దాదాపు 49 రోజులు. సేవ చేయడంలోని ఒత్తిడి చర్మం అతుక్కోవడాన్ని తొమ్మిది రోజులకు పైగా ఆలస్యం చేసింది. మీ ఇంట్లో పెద్దాయనను మూడేళ్లుగా చూసుకుంటున్న కోడలు "నా ఒంట్లో సత్తువ లేదత్తయ్యా" అంటే ఆ మాటను ఇక తేలిగ్గా తీసుకోకండి. వారంలో రెండు రోజులు ఆ పని ఇంకెవరైనా చేయడం ఆమెకు మందుతో సమానం.

విశాఖలో తేలిన సంగతి

ఒంటినీ మనసునూ కలిపి చూస్తే నిజంగా మేలు జరుగుతుందా? ఇది కోరిక కాదు, పరీక్షించి చూసిన విషయం. షుగరు అదుపులో లేక, డిప్రెషన్ కూడా ఉన్న 404 మందితో మన దేశంలో నాలుగు క్లినిక్‌లలో ఒక ప్రయోగం జరిగింది. ఢిల్లీ, చెన్నై, బెంగళూరుతోపాటు నాలుగోది మన విశాఖపట్నంలోని షుగరు వైద్య కేంద్రం. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి అదనంగా ఒక సహాయకుడు: డాక్టరు కాదు, శిక్షణ పొందిన మామూలు ఉద్యోగి. అతను ఫోన్ చేసి మందులు వేసుకున్నారా, నడుస్తున్నారా, మనసెలా ఉంది అని అడుగుతాడు, జవాబులు రాసుకుని డాక్టర్లకు చూపిస్తాడు. మానసిక వైద్యుడూ షుగరు వైద్యుడూ ఒకే కాగితం చూసి మందులు మారుస్తారు. ఈ తోడు ఏడాదిపాటు ఇచ్చి, రెండేళ్లు గడిచాక లెక్క చూశారు. దిగులు సగానికి తగ్గి, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో కనీసం ఒకటి మెరుగుపడినవాళ్లు మామూలు వైద్యంలో వందకు 57 మంది అయితే, ఇక్కడ వందకు 72 మంది ఉన్నారు. 2020లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఫలితాలు వచ్చాయి.

కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రం లేదు. అడిగే మనిషి ఒకరు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే డాక్టర్లు ఇద్దరు. ప్రతి పెద్ద ఆసుపత్రిలో షుగరు విభాగం పక్కన, గుండె విభాగం పక్కన ఒక మానసిక నిపుణుడి కుర్చీ ఉండాలని నా వాదన. దానికయ్యే ఖర్చు అనవసరంగా తీయిస్తున్న స్కాన్ల ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఇక మీరు చేయగలిగింది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పితోపాటు నిద్ర గురించి, ఆకలి గురించి, రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి ఉందో లేదో కూడా మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారా అని అడగండి. "మీకేం లేదు" అంటే, "జబ్బు ఫలానాది కాదని తెలిసింది, మరి ఈ బాధ దేనివల్ల?" అని మర్యాదగా, గట్టిగా అడగండి. రోజూ ముప్పావుగంట నడక దిగులుకూ షుగరుకూ రెండింటికీ పనిచేస్తుంది. కానీ లేవలేనంత దిగులులో ఉన్నవాళ్లకు నడవమని ఉపన్యాసం ఇవ్వకండి, వెంట నడవండి. ఆరోగ్య బీమా ఉంటే, మానసిక జబ్బుకు కూడా శరీర జబ్బుతో సమానంగా డబ్బు ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోందని గుర్తుపెట్టుకోండి, కాదంటే రాతపూర్వకంగా కారణం అడగండి.

హాస్టల్ గదిలో మీ పక్క మంచం మీద పడుకున్న కుర్రాడు రోజూ గ్యాస్ గోళీ వేసుకుంటూ ఎవరితోనూ మాట్లాడటం మానేస్తే, అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఈ నంబరు కూడా ఇవ్వండి: 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు.